కోర్డోబా నగరమున రెండు దినములు

ఒక దేశమును జయించిన రాజు ఆ దేశపు ఖజానాను ఏమి చేయునో చరిత్ర చదివిన వారందరికిని తెలియును. కాని జయించినవాని చేతికి చిక్కిన ప్రార్థనాలయమేమగును? దానిని కట్టినవారి సంతతి ఊరు విడిచిపోయిన పిమ్మట దాని తాళపుచెవులు ఎవరి చేతికి పోవును? ఈ ప్రశ్నలకు ప్రతి దేశములోను ఏదో యొక సమాధానము దొరకును. మిక్కిలి విపులమైన సమాధానము స్పెయిను దేశపు దక్షిణభాగమున, ఆండలూసియా ప్రాంతమున, కోర్డోబా అను నగరములో రాతితోను ఇటుకతోను వ్రాయబడియున్నది. మేము దంపతులమిద్దరము అచట గడపినది రెండు దినములు మాత్రమే. చూచిన కట్టడములును కొన్నియే. అయినను వానిలో ఒక్కొక్కటి ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారినది. ఎవరి చేతిలో ఏది యేమయ్యెనో శ్రోతలకు క్రమముగా విన్నవింతుము.

మాడ్రిడ్ నగరమునుండి కోర్డోబా మీదుగా సెవిల్లాకు పోవు వేగపు రైలుమార్గము 1992లో ప్రారంభమైనది. ఉదయము ఆ రైలెక్కినచో రెండు గంటలకు లోపుగనే కోర్డోబాలో దిగవచ్చును. దారి పొడవునను ఎఱ్ఱనేల, ఆ నేలపై చుక్కలు పెట్టినట్లు ఆలివు చెట్లు. మేము వెళ్లినది నవంబరు మాసము. వేసవిలో ఈ ప్రాంతమున ఎండ నలుబది డిగ్రీలకు మించుట వింత కాదు. కనుక శీతకాలపు తొలిదినములు నడచి చూచువారికి అనుకూలము. స్టేషనునుండి పాతనగరమునకు నడచియే పోవచ్చును. బజారుల వెంట నారింజచెట్లు కాయలతో నిండియుండెను. వానిని ఎవరును కోయుట లేదు. రుచిచూడబోయిన మాకు కారణము వెంటనే తెలిసినది. అవి చేదునారింజలు.

నారింజను స్పెయినువారు "నరాన్హ" అందురు. ఈ మాట మన దేశమున పుట్టి, పారసీకుల నోట, అరబ్బుల నోట పడి, ఈ నేలకు చేరినది. చక్కెరను వారు "అసూకర్" అందురు. అదియును మన శర్కరయే. చెట్టును, పేరును, నీరు పెట్టు విధమును ఒక్కసారిగ తెచ్చినవారు అరబ్బులు. ఇట్లు ఊరిలో అడుగు పెట్టిన అరగంటలోపుననే ఇచటి చరిత్రలో మన ఇంటి మాటలు రెండు మాకు వినబడినవి.

నగరము గ్వాదల్‌కివీర్ నది యొడ్డున నున్నది. "వాదీ అల్ కబీర్" అను అరబ్బీ మాటకు ఇది స్పానిషు రూపము. పెద్ద నది అని దాని యర్థము. గోదావరిని ఎరిగిన మా కన్నులకు అదంత పెద్దదిగా తోచలేదు. నదిపై పదునారు కమానుల రాతివంతెన కలదు. మొదట దానిని నిర్మించినవారు రోమనులు. తరువాతి రాజ్యములవారందరును దానిని మరల మరల బాగుచేసిరి. అందుచేత నేడు మనము త్రొక్కు రాళ్లలో రోమనుల కాలపువి మిగిలినది స్వల్పము. అయినను రోమను వంతెన యను పేరు చెడలేదు. రోమనుల కాలమున ఈ నగరము బేటికా అను రాష్ట్రమునకు రాజధాని. తత్త్వవేత్త సెనెకా ఇచట పుట్టెను. కవి లూకన్ క్రీస్తుశకము 39లో ఇచటనే జన్మించెను. నగరసభా భవనము ప్రక్కన ఆనాటి దేవాలయపు స్తంభములు కొన్ని నిలబడియున్నవి.

రోమనుల పిమ్మట విసిగోతులు వచ్చిరి. 711లో అరబ్బులును బెర్బెరులును జలసంధి దాటి వచ్చి ఈ దేశమును జయించిరి. ఆ తరువాత నలుబది యేండ్లకు డమాస్కసు నగరమున గొప్ప విప్లవము జరిగినది. 750లో అబ్బాసీయులు ఉమయ్యదు వంశమును కూలద్రోసి, రాజకుటుంబమువారిని వెదకి వెదకి చంపిరి. తప్పించుకొన్న యువకుడొకడు ఉత్తర ఆఫ్రికా గుండా అజ్ఞాతముగా సంచరించి, 755లో స్పెయిను తీరమున దిగెను. అతని పేరు అబ్దుర్ రహ్మాన్. మరుసటి యేడే అతడు కోర్డోబాను వశపరచుకొని అమీరయ్యెను. ముప్పది యేండ్లు రాజ్యము చేసిన పిదప, 785వ సంవత్సరప్రాంతమున, నది యొడ్డున గొప్ప మసీదునకు పునాది వేసెను. మేము రెండు దినములలో మూడుమారులు చూడబోయిన కట్టడమదియే.

ఆ స్థలము సైతము ఖాళీగా నుండినది కాదు. అచట సెయింట్ విన్సెంటు పేర క్రైస్తవుల ఆలయముండెననియు, మొదట అందులో సగము ముసల్మానులు వాడుకొనిరనియు, అబ్దుర్ రహ్మాన్ మిగిలిన సగమునకు వెల చెల్లించి, దానిని తొలగించి మసీదు కట్టెననియు అరబ్బీ చరిత్రకారులు వ్రాసిరి. త్రవ్వకములలో దొరికిన గోడలు ఏ కట్టడమునకు చెందినవో పండితులలో ఏకాభిప్రాయము లేదు. మసీదు నేల క్రింద ఒకచోట అద్దము పరచి పాత మొజాయికు నేలను చూపుచున్నారు. కావున ఈ కథలో మొదటి యజమాని ఎవరని వెదకుచు పోయినచో అంతము దొరకదు.

బయటినుండి చూచునపుడు మసీదు కోటగోడవలె మొరటుగా నుండును. నారింజచెట్ల ముంగిలి దాటి లోపల అడుగిడినంతనే వెలుతురు తగ్గి, స్తంభముల వరుసలు నలుదిక్కుల అంతులేకుండ సాగిపోవుచు కనబడినవి. ఈత తోటలోనికి ప్రవేశించినట్లు తోచినది. ఎటు తిరిగినను వరుస వెనుక వరుస. నేడు మిగిలిన స్తంభములు 856. ఒకప్పుడు వేయికి మించియుండెను. వానిలో పాతవి అనేకము రోమనుల కట్టడములనుండి, విసిగోతుల ఆలయములనుండి తెచ్చినవి. ఒకటి నల్లనిది, ఒకటి గులాబిరంగుది. ఒకదానికి నునుపు, వేరొకదానికి గాళ్లు. పైనున్న బోదెలలో ఏ రెండును సరిగా జోడు కావు.

ఈ ఎరువు స్తంభములే శిల్పికి చిక్కు తెచ్చిపెట్టినవి. అవి పొట్టివి. వానిపై నేరుగా కప్పు వేసినచో అంత విశాలమైన శాల కొట్టమువలె అణగిపోవును. అందుచేత శిల్పి ప్రతి స్తంభముపై ఒక రాతి కంబమును నిలిపి, క్రిందనొక కమాను, పైననొక కమాను అమర్చెను. క్రింది కమాను బరువు మోయదు. అది స్తంభములు ప్రక్కకు ఒరగకుండ పట్టుకొనియుండును. పై కమాను కప్పును మోయును. వరుసల నడుమ వాననీరు పారుటకు పై గోడలలోనే కాలువ చేసిరి. కమానులను ఒక రాయి, ఒక వరుస ఇటుక చొప్పున పేర్చుటచేత ఎఱుపు తెలుపు చారలు ఏర్పడినవి. మేరిడా నగరమున రోమనులు కట్టిన నీటి వంతెనను చూచి శిల్పి ఈ ఉపాయము నేర్చియుండునని పండితుల యూహ. ఓడిపోయినవారి రాళ్లు మాత్రమే కాదు, వారి విద్య సైతము ఈ మసీదునకు ఉపకరించినది.

ఆ పిమ్మట రెండువందల యేండ్లలో మసీదు మూడు పర్యాయములు పెరిగినది. రెండవ అబ్దుర్ రహ్మాన్ 9వ శతాబ్దిలో దక్షిణముగా పెంచెను. రెండవ అల్ హకమ్ 961లో సింహాసనమెక్కినంతనే మరల దక్షిణముగా నదివైపు పెంచెను. అటుపై నది అడ్డము. పడమట రాజభవనము అడ్డము. కనుక అల్ మన్సూర్ అను మంత్రి 987 ప్రాంతమున తూర్పున ఎనిమిది వరుసలు చేర్చెను. దానితో మొదటి పదునొకండు వరుసలు పందొమ్మిదియైనవి. ప్రార్థనకు దిక్కు చూపు మిహ్రాబు శాలకు నడుమనుండి ఒక ప్రక్కకు పోయినది. ఒకరు కట్టినదానిని వేరొకరు కూల్చక, దాని కొలతలనే అనుసరించి పెంచుట ఇచట విశేషము. ఏ వరుస ఏ రాజుదో తెలియవలెనన్నచో బోదెలను, రాళ్లను దగ్గరగా పరీక్షింపవలెను.

అల్ హకమ్ కట్టించిన మిహ్రాబు మిక్కిలి సుందరమైనది. సాధారణముగా మిహ్రాబు గోడలో ఒక గూడు మాత్రమే. ఇచట అది ఏడు భుజముల చిన్న గది. దాని వాకిటిపై బంగారు, నీలి, పచ్చ వన్నెల గాజుముక్కలతో మొజాయికు పని చేసిరి. క్రైస్తవుడైన కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తి ఆ గాజుముక్కలను, ఒక నేర్పరియగు పనివానిని పంపెనని అరబ్బీ చరిత్రలు చెప్పుచున్నవి. ఇద్దరు ప్రభువుల మతములు వేరు. వారి రాయబారులు మాత్రము రాకపోకలు సాగించుచునే యుండిరి.

ఈ అల్ హకమ్ కత్తికంటె పుస్తకమును ఎక్కువగా ప్రేమించిన రాజు. ఆయన గ్రంథాలయమున నాలుగు లక్షల గ్రంథములుండెనని ప్రతీతి. సంఖ్య అతిశయోక్తి కావచ్చునుగాని, ఐరోపాలో ఆనాడు అంతటి సంపుటి వేరొకచోట నుండుట దుర్లభము. ఆయన కాలమునను, తరువాతి తరమునను మస్లమా అల్ మజ్రీతీ అను గణితజ్ఞుడు కోర్డోబాలో నుండెను. బాగ్దాదులో 9వ శతాబ్దిలో అల్ ఖ్వారిజ్మీ రచించిన ఖగోళ పట్టికలను ఆయన కోర్డోబా రేఖాంశమునకు అనువుగా సవరించెను. ఆ పట్టికలకు "సింద్‌హింద్" అని పేరు. అది మన "సిద్ధాంత" శబ్దమే. ఉత్తర స్పెయినున అల్బెల్దా అను క్రైస్తవ మఠములో 976లో ముగిసిన ఒక వ్రాతప్రతిలో మన అంకెలు తొమ్మిదియు కనబడుచున్నవి. పశ్చిమ ఐరోపాలో వానికి దొరికిన తొలి సాక్ష్యమదియే. సున్న మాత్రము ఇంకను చేరలేదు. టొలీడోలో 1068లో సాయిద్ అను న్యాయాధికారి విద్యలను పెంపొందించిన జాతుల చరిత్ర వ్రాయుచు భారతీయులను మొదట పేర్కొనెను. మన దేశమును చూడనివాడు అట్లు వ్రాయగలిగెనన్నచో, ఆ గ్రంథములు ఎంత దూరము నడచినవో ఊహింపవచ్చును.

సంగీతప్రియులైన శ్రోతలకొరకు ఒక్కమాట. 822లో బాగ్దాదునుండి జిర్యాబ్ అను గాయకుడు కోర్డోబా కొలువునకు వచ్చెను. అరబ్బుల వాద్యమగు ఊద్‌కు ఐదవ తంత్రిని చేర్చినవాడు ఈతడే యని ప్రసిద్ధి. విందులో పదార్థములను ఒకదాని తరువాత ఒకటిగా వడ్డించు మర్యాదను సైతము ఈతడే నేర్పెనందురు.

ఇంతటి వైభవము ఎట్లు ముగిసినది? మొదటి దినము సాయంకాలము మేము వంతెనపై నడచుచు ముచ్చటించుకొన్న విషయమిదియే. మరునాడు ఉదయము నగరమునకు పడమట ఎనిమిది కిలోమీటర్ల దూరముననున్న మదీనత్ అజ్జహ్రాకు బస్సులో పోయితిమి. మూడవ అబ్దుర్ రహ్మాన్ 929లో తనను ఖలీఫాగా ప్రకటించుకొని, 936 ప్రాంతమున కొండవాలుపై ఈ క్రొత్త రాజధానిని ప్రారంభించెను. మూడు అంతస్తులుగా నేలను తీర్చి, పైన ప్రాసాదములు, నడుమ కొలువుకూటములు, తోటలు, క్రింద మసీదు, ఇండ్లు నిర్మించిరి. పాదరసము నింపిన తొట్టిని కదలించి, గోడలపై వెలుగు నాట్యమాడ రాయబారులను విస్మయపరచిరని కథలు కలవు.

అంతటి నగరము నిండా నూరేండ్లు బ్రదుకలేదు. వారసత్వపు పోరులో 1010 ప్రాంతమున సైనికులు దానిని దోచి తగులబెట్టిరి. 1031లో ఖలీఫాల రాజ్యమే అంతరించినది. ఆ తరువాత శతాబ్దులపాటు ఇండ్లు కట్టువారు, మఠములు కట్టువారు అచటినుండి రాళ్లు తోలుకొనిపోయిరి. నగరమున్న చోటు సైతము జనులు మరచిరి. 1911లో త్రవ్వకములు ప్రారంభమైనవి. నేటికిని బయటపడినది పదింట ఒక వంతు మాత్రమే. పలక పలకలుగా పగిలిన చెక్కడపు ముక్కలను పనివారు నేలపై పరచి, బొమ్మలాటలో తునకలవలె జతపరచుచున్నారు. 2018లో దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. దీనిని కూలద్రోసినవారు క్రైస్తవులు కారు. కట్టినవారి మతమువారే. ఈ సంగతి మేము కొండదిగునప్పుడు మనస్సున నాటినది.

మరల మసీదు కథకు వత్తుము. 1236 జూన్ 29న కాస్టీలు రాజు మూడవ ఫెర్డినాండు కోర్డోబాను పట్టుకొనెను. మసీదును కూల్చుటకు మారుగా దానిని శుద్ధిచేయించి, మేరీమాత పేర క్రైస్తవ ఆలయముగా ప్రతిష్ఠించిరి. ఇచట గంటల కథ యొకటి చెప్పవలెను. 997లో అల్ మన్సూర్ ఉత్తరమున సాంటియాగో నగరమును కొల్లగొట్టి, అచటి ఆలయపు గంటలను క్రైస్తవ బందీల భుజములపై కోర్డోబాకు మోయించి, మసీదులో దీపములుగా వ్రేలాడదీయించెను. 239 ఏండ్ల పిదప ఫెర్డినాండు ఆ గంటలనే ముసల్మాను బందీల భుజములపై సాంటియాగోకు తిరిగి మోయించెనని చరిత్రలు చెప్పుచున్నవి. గంటలు ఇల్లు చేరినవి. మోసినవారి సంగతి ఏ చరిత్రయు వ్రాయలేదు.

అటుపై సుమారు మూడువందల యేండ్లు క్రైస్తవులు ఆ స్తంభముల నడుమనే పూజలు జరిపిరి. గోడల వెంట చిన్న పూజామందిరములు కట్టిరి. ఒకచోట కొన్ని స్తంభములు తీసి చిన్న శాల యేర్పరచిరి. కాని స్థూలముగా మసీదు రూపము చెడలేదు. పైగా పదవ అల్ఫోన్సో రాజు 13వ శతాబ్దిలో, నగరమునందలి ముసల్మాను వడ్రంగులును తాపీపనివారును ఏటికి రెండు దినములు ఈ కట్టడపు మరమ్మతునకై పనిచేయవలెనని యాజ్ఞాపించెను. ఆ విద్య తమవారికి లేదని రాజు ఎరుగును. వెట్టియైనను అది కట్టడమును నిలబెట్టినది.

1523లో అసలు వివాదము వచ్చినది. బిషప్పు అలోన్సో మన్రీకేయు, ఆయన ఆలయసభవారును మసీదు నడిబొడ్డున ఎత్తయిన క్రొత్త కథీడ్రల్ కట్ట సంకల్పించిరి. నగరసభవారు దీనిని విని, చావడులలో దండోరా వేయించిరి. రాజుగారి యుత్తరువు వచ్చువరకు ఏ తాపీపనివాడుగాని, వడ్రంగిగాని, కూలివాడుగాని మసీదులో ఒక్క రాయి కదల్చినచో మరణదండన యని ప్రకటించిరి. కారణము సైతము చెప్పిరి. ఇపుడు విప్పదలచిన ఈ పని ఎట్టిదనగా, ఒకమారు విప్పినచో మరల ఇంత నేర్పుతో, ఇంత సంపూర్ణముగా చేయుట సాధ్యము కాదని వారి వాదము. ఈ మాట యన్నవారు ఎవరో గమనింపవలెను. వారు క్రైస్తవులు. ముసల్మానులతో పోరాడిన వంశములవారు. స్పెయినున చివరి ముసల్మాను రాజ్యమగు గ్రనాడా పడి అప్పటికి 31 ఏండ్లు మాత్రమే. మతద్రోహులను దండించు విచారణసభ ఈ నగరముననే కొలువుతీరియున్న దినములవి. అట్టి కాలమున శత్రువుల మసీదు పక్షమున నిలబడుటకు గుండె ధైర్యము కావలెను. బిషప్పు పక్షమువారు వారిని మతమునుండి వెలివేసిరి. తగవు రాజు ముందునకు పోయినది. యువకుడైన ఐదవ చార్లెసు చక్రవర్తి బిషప్పునకు అనుకూలముగా తీర్పు చెప్పెను.

ఎర్నాన్ రూయిస్ అను శిల్పి పని ప్రారంభించెను. పిమ్మట ఆయన కుమారుడు, మనుమడు సాగించిరి. 1607లో ముగిసినది. తరువాత 18వ శతాబ్దిలో అమెరికానుండి తెచ్చిన మహాగని కొయ్యతో గాయకపీఠములు చెక్కించిరి. మసీదు మినారును సైతము కూల్చలేదు. 1589 నాటి తుపానులో దెబ్బతిన్నందున దాని చుట్టును క్రొత్త గోడ కట్టి గంటల గోపురముగా మార్చిరి. నేడు 54 మీటర్ల యెత్తున్న ఆ గోపురమెక్కువారికి లోపలి పాత మినారు భాగములు కనబడును.

పొట్టి స్తంభముల నీడలో నడచుచు నడచుచు ఒక్కమారు తెల్లని, ఎత్తయిన, వెలుగుతో నిండిన కథీడ్రల్‌లోనికి వచ్చుట విచిత్రానుభవము. అడవిలో పోవుచు హఠాత్తుగా రాచవీథిలో పడినట్లుండును. చక్రవర్తి 1526లో ఇచటికి వచ్చి పనిని చూచి, ఎచటనైనను చూడదగినదానిని కట్టుటకై లోకమున వేరొకటి లేనిదానిని పాడుచేసితిరని మందలించెనని ప్రతీతి. ఆ మాట ఆయన నిజముగా అనెనో, తరువాతివారు ఆయన నోట పెట్టిరో నిశ్చయింప వీలులేదు. ఒకటి మాత్రము నిజము. ఆ చక్రవర్తియే మరుసటి యేడు గ్రనాడాలో అల్హంబ్రా ప్రాసాదములను ఆనుకొని తన క్రొత్త భవనమును ప్రారంభింపజేసెను.

ఇచట మాలో మాకు భేదాభిప్రాయము కలిగినది. ఆ కథీడ్రల్ ఎంత యందముగానున్నను మసీదు గుండెలో దిగిన మేకు అని మాలో ఒకరి వాదము. రెండవవారు ఇట్లు వాదించిరి: టొలీడోలో పెద్దమసీదును 13వ శతాబ్దిలో తీసివేసి దాని చోట కథీడ్రల్ కట్టిరి. సెవిల్లాలోను 15వ శతాబ్దిలో అట్లే చేసిరి. అచట మినారు, ముంగిలి మాత్రమే మిగిలినవి. కోర్డోబాలో నడుమ భాగము పోయినది, చుట్టును వందలకొలది స్తంభములు దక్కినవి. పూజ జరుగుచున్న కట్టడమునకు కప్పు కారినచో బాగుచేయువాడుండును. పూజ లేని మదీనత్ అజ్జహ్రాకు ఎవ్వడును లేకపోయెను. ఈ వాదములు రెండును త్రోసివేయదగినవి కావు. ఉపయోగము కట్టడమును కాపాడును. ఆ ఉపయోగమే దానిని కోయును. ఎంతవరకు కోయవచ్చునని అడుగువారు ఊరిలో నుండవలెను. 1523లో కోర్డోబా నగరసభ చేసినది ఆ పనియే.

ఆ మధ్యాహ్నము మేము చూచిన యూదుల ప్రార్థనాలయము ఇదే నీతిని చిన్న యక్షరములలో చెప్పుచున్నది. అది 1315లో కట్టిన చిన్న గది. ఒక్కొక్క ప్రక్క ఏడు మీటర్లకు మించదు. గోడలపై సున్నపు చెక్కడములలో హీబ్రూ అక్షరములు తీగెలతో పెనవైచుకొనియున్నవి. 1492లో యూదులనందరిని దేశమునుండి వెడలగొట్టిరి. గది పిచ్చికుక్క కాటు రోగులకు ఆసుపత్రియైనది. పిదప చెప్పులు కుట్టువారి సంఘమునకు మందిరమైనది. 19వ శతాబ్ది చివర గోడ పెచ్చులూడి, క్రింద దాగిన అక్షరములు బయటపడినవి. నాలుగువందల యేండ్లు వానిని కాపాడినది పైన పూసిన సున్నమే. దాని ప్రక్క వీథిలో మైమొనిడీసు విగ్రహము కలదు. ఆ యూదు తత్త్వవేత్త ఈ నగరమున పుట్టి, 1148లో వచ్చిన క్రొత్త పాలకుల మతమౌఢ్యమువలన బాల్యముననే కుటుంబముతో వెడలి, ఈజిప్టులో కీర్తి గడించెను. అదే శతాబ్దిలో ఇచట పుట్టిన ముసల్మాను తత్త్వవేత్త ఇబ్న్ రుష్ద్ సైతము 1195లో స్వమతస్థులచేతనే బహిష్కృతుడయ్యెను. ఆయన అరిస్టాటిలునకు వ్రాసిన వ్యాఖ్యలను పారిసులోని క్రైస్తవ పండితులు శ్రద్ధగా చదివిరి. కట్టడములకువలెనే గ్రంథములకును, ఎవరికొరకు వ్రాసినారో వారే చదువరులు కారు.

ఆ సందులలోని ఇండ్లు వీథివైపు గోడలే చూపును. వాకిలి తెరచియున్నచోట తొంగిచూచినచో మన మండువా లోగిలివంటి ముంగిలి, నడుమ బావి, గోడలనిండ పూలకుండీలు. ప్రతి మే మాసమున ఇంటివారు ఈ ముంగిళ్లను ఊరివారికి తెరచి పోటీపడుదురు. ఆ పోటీ 1921లో మొదలైనది. రాత్రి భోజనమున సాల్మొరేహో అను చల్లని పచ్చడివంటి పదార్థమును వడ్డించిరి. రొట్టె, టొమాటో, వెల్లుల్లి, ఆలివు నూనె కలిపి నూరినది. అందులో మాంసము వేయవలదని కోరితిమి. టొమాటో అమెరికానుండి వచ్చినది. మన మిరపకాయయు అచటిదే. కొలంబసు తన ప్రయాణపు విన్నపమును 1486లో రాజదంపతులకు వినిపించినది ఈ నగరపు కోటలోనే యని చెప్పుదురు. ఊరగాయ లేని ఊరిలో ఊరగాయకు మూలమగు మిరపకథ తటస్థించినందుకు నవ్వుకొంటిమి.

మసీదును 1882లో జాతీయ స్మారకముగను, 1984లో ప్రపంచ వారసత్వ సంపదగను ప్రకటించిరి. తగవులు మాత్రము తీరలేదు. 2006లో బిషప్పు పీఠమువారు ఈ కట్టడమును తమ పేర ఆస్తి రిజిస్టరులో నమోదు చేయించుకొనిరి. ఫెర్డినాండు రాజు నాడే ఇది మాకు సంక్రమించినదని వారి మాట. ఇట్టి కట్టడము ఒక సంస్థది కాదు, ప్రజలదని ఊరిలో అనేకుల మాట. తమకును ప్రార్థన చేసికొను అనుమతి కావలెనని స్పెయిను ముసల్మానులు కొందరు కోరిరి. అది లభింపలేదు. 2025 ఆగస్టు 8వ తేదీ రాత్రి లోపలి చిన్న మందిరమొకదానిలో నిప్పంటుకొన్నది. ఒక మందిరపు కప్పు కూలినది. అగ్నిమాపక దళమువారు మంటలను వ్యాపింపనీయక ఆర్పివేసిరి. పండ్రెండు శతాబ్దులు నిలిచిన కట్టడమైనను ఒక్క రాత్రిలో పోగలదని ఆ ఘటన లోకమునకు తెలిపినది.

జయించినవాడు కూల్చుట, కూల్పకుండుట, మార్చుకొనుట, ఈ మూడును కోర్డోబాలో ప్రక్కప్రక్కనే కనబడుచున్నవి. రోమను స్తంభముపై అరబ్బీ కమాను, దానిపై క్రైస్తవుల కప్పు. ఏ యొక్కరిదైనను తీసివేసినచో మిగిలినది నిలువదు. ఎవరిది ఈ కట్టడమని అడుగుట సులభము. దీనిని విప్పినచో మరల చేయగలమా యని అడుగుట మేలైనది. ఆ ప్రశ్నను అయిదువందల యేండ్ల క్రిందట కొందరు పురజనులు దండోరా వేయించి యడిగిరి. రాజు తీర్పులో వారు ఓడిపోయిరి. వారు నిలుపదలచిన స్తంభములు నేటికిని ఎనిమిదివందలకు పైగా నిలిచియున్నవి.